పది నుంచి రెండు దాకా

ఇరవై ఎనిమిదేండ్లు దేవరకొండ డిపోల
టికెట్లు కొట్టిన చేతికి
ఏసీ కొనుడు ఒక లెక్కా అనుకున్న.

వ్యాను పాతది. ఏదో బడి పిల్లల్ని మోసి మోసి అలిసింది.
సీట్లు పీకేసి, మంచం ఏసి, గ్యాసు పొయ్యి బిగించి
"ఇగ ఇదే మన ఇల్లు" అన్నడు బుచ్చిరాములు.
వైశాఖంల దాని రేకు మీద చెయ్యి పెట్టి
గబుక్కున తీసి ఊదుకున్నడు.

మిర్యాలగూడల జహంగీర్ షాపు.
పక్క రైసుమిల్లు ఊక ఎగిరొచ్చి
బల్ల మీద, చాయ గ్లాసు మీద, అతని కనురెప్పల మీద.
"టన్నున్నర పెట్టు భాయ్" అన్నడు నా పెనిమిటి,
పెండ్లికి వంట చెప్పినట్టు.
జహంగీర్ నవ్వలే.
"అంత పెద్దది ఇంత చిన్న డబ్బాల
గబగబ చల్లజేసి పడుకుంటదన్నా.
తేమ తియ్యదు. చల్లగుంటది గని ఒళ్లంత జిగట.
ముప్పావు టన్ను చాలు. ముందుగాల రేకు లోపల ఫోము కొట్టిచ్చుర్రి,
అద్దాలకు పరదాలు కట్టుర్రి. సగం ఏసీ అదే."

బ్యాటరీ ఎంతసేపు, అన్న.
అతను సెల్లు తీసిండు. నేను వేళ్లు తీసిన.
పన్నెండు వోల్టులు, రెండొందల ఆంపియర్లు:
రెండువేల నాలుగొందలు.
గంటకు ఆరొందలు తింటది.
అంటే రాత్రి పదింటికి ఎక్కిన చల్లదనం
రెండింటికి దిగిపోతది.
ఆపైన ఒక్క స్టేజీ కూడ రాదు.
ఇంకో బ్యాటరీ కొంటే తెల్లారేదాక టికెట్టు.
ధర చెప్పిండు.
రెండింటి దాకా చాలన్న.

గాలి డబ్బా యాడ పెట్టాలె?
నెత్తి మీద పెడితే ఊర్లల్ల యాపకొమ్మలు, కరెంటు వైర్లు.
కింద పెడితే దుమ్ము, కంకర.
"వెనకకు పెట్టు" అన్నది నేనే.
ఇది యాదికుంచుకోవాలె. అన్నది నేనే.

మొదటి రాత్రి కొండమల్లేపల్లి అవతల
పుచ్చకాయల కుప్ప పక్కన ఆపినం.
లోపల ఇరవై ఆరు.
బానెట్టుకు ఆనుకొని ఎన్ని ఎండాకాలాలు కాల్చుకున్నదో
నా ఎడమ తొడ,
ఆ రాత్రి నన్ను ఇడిచిపెట్టి ముందే నిద్రపోయింది.
నాకు రాలే.
కంప్రెసర్ ఆగినప్పుడల్లా
ఎవరో దిగుతున్నట్టు లేచి చూసిన.

పన్నెండున్నరకు ఒంటికి పోదామని దిగిన.
వ్యాను వెనక, కాయలకు కావలి పండిన పిల్లగాడు
చాప ఈడ్చుకుంట జరుగుతున్నడు.
పదహారేండ్లుంటయేమో.
"ఏమైంది బిడ్డా?"
"ఏం లేదమ్మా. ఇటు దిక్కు వడగాలి కొడుతుంది."

చెయ్యి చాపి చూసిన.
వడగాలి కాదు.
మా మంచం మీది ఉడుకు,
బుచ్చిరాములు గురకల్నుంచి, నా తొడల్నుంచి తీసిందంత
జాలీ సందుల్లకెల్లి
ఆ పిల్లగాని చాప మీద పోస్తున్నది.
ఉడుకు ఎటూ పోలే. బస్సు మారింది, అంతే.
జరిగి జరిగి కుప్ప అంచుకొచ్చిండు వాడు.
ఇంకా జరిగితే రోడ్డు.

బుచ్చిరాములును లేపిన.
"ఏం, కరెంటు అయిపోయిందా?"
"వ్యాను తిప్పు."
"ఇప్పుడా?"
"ఇప్పుడే."
లుంగీ ఎగ్గట్టుకొని స్టీరింగు ఎక్కిండు.
చీకట్ల నిలబడి రేకు మీద చరిచి
రైట్, రైట్, రైట్ అని అరిచిన.
నాలుగేండ్లయింది ఆ మాట నా నోట్లకెల్లి ఎల్లి.
కుక్కలు లేచినయ్.
పిల్లగాడు లేచి కూసొని చూసిండు.
హోల్డాన్.

డబ్బా మూతి దున్ని ఇడిచిన చెలక దిక్కు పెట్టినం,
ఎవ్వరూ లేరనుకున్న దిక్కు.

రెండింటికి ఇంకా పది నిమిషాలుండంగనే
దిగిపోయింది చల్లదనం.
తలుపు తీసిన లెక్క నేను ఏసుకోలే.
కిటికీలు తీసి పండినం.

పొద్దుగాల ఒక కాయ అడిగితే
ఎనభై అన్నడు.
డెబ్బై తీసుకో బిడ్డా అన్న.
"ఎనభైయే అమ్మా."
చిల్లర లెక్కపెట్టి ఇచ్చిన.